స్టార్‌బోర్డ్ మీ కుడిచెయ్యి కాదు

"స్టార్‌బోర్డ్ అంటే కుడి, పోర్ట్ అంటే ఎడమ. అంతేగా సార్?" హుస్సేన్‌సాగర్‌లో పిల్లలకు సెయిలింగ్ నేర్పే నాకు ప్రతి బ్యాచ్‌లోనూ, గట్టున నిలబడ్డ తల్లిదండ్రులతో సహా, ఎవరో ఒకరు ఈ మాట చెప్తారు. అంతే కాదు.

అపోహ: స్టార్‌బోర్డ్ అంటే మన కుడివైపు.

వాస్తవం: మనది కాదు, పడవది. పడవ ముందు కొన వైపు చూస్తూ నిలబడితే ఏది కుడో అదే స్టార్‌బోర్డ్. మీరు వెనక్కి తిరిగినా, వెల్లకిలా పడుకున్నా అది మారదు. పల్లెలో పెరిగినవాళ్లకైతే ఒక్క ముక్క చాలు: దాపలెద్దు, వలపలెద్దు. బండివాడు వెనక్కి తిరిగి గడ్డి సర్దుకుంటున్నాడని దాపలెద్దు వలపలెద్దు అయిపోదు కదా! కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ పిల్లలకు ఎద్దులెక్కడ చూపించను? బుద్ధుణ్ణి చూపిస్తాను. వెళ్లేటప్పుడు పోర్ట్ వైపున్న ఆయన, తిరిగొచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపుంటాడు. కదిలింది ఆయన కాదు, మన పడవ.

పైగా చిన్న పడవలో ముందుకు చూస్తూ ఎవరు కూర్చుంటారు? పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవలో స్టార్‌బోర్డ్ అంచు మీద కూర్చుని లోపలికి తిరిగితే, స్టార్‌బోర్డ్ మీ వీపు వెనక ఉంటుంది. కుడిచేతి పక్కన ఉండేది పడవ ముందు కొన!

నేనూ దెబ్బ తినే నేర్చుకున్నాను. కొత్తలో ఒకరోజు వెనక్కి తిరిగి చిక్కుపడ్డ తాడు విప్పుతున్నాను. "పోర్ట్ వైపు బోటు!" అని నా జతగాడు అరిచాడు. నా ఎడమచేతి వైపు చూశాను, ఖాళీ నీళ్లు. తేలిగ్గా ఊపిరి తీసుకునేలోపే రెండో పక్క నుంచి గుద్దేసింది. పడవ అంచు చీలింది, నా మోచెయ్యి వాచింది. జతగాడు వారం రోజులు మాట్లాడలేదు.

పోటీల్లో ఎదుటివాడు "స్టార్‌బోర్డ్!" అని అరిస్తే "కుడికి తిరుగు" అని కాదు. "నాకు గాలి స్టార్‌బోర్డ్ వైపు నుంచి వస్తోంది, నీకు పోర్ట్ వైపు నుంచి, కాబట్టి తప్పుకోవలసింది నువ్వే" అని.

అపోహ: ఆ పేరులో ఉన్నవి నక్షత్రాలు.

వాస్తవం: ఒక్క చుక్కా లేదు. పాత ఇంగ్లిషులో 'స్టేయోర్‌బోర్డ్' అంటే పడవ నడిపే పక్క. వెనకాల మధ్యలో చుక్కాని బిగించడం రాకముందు ఓడకు కుడి అంచునే పెద్ద తెడ్డు కట్టి నడిపేవారు. (మన చుక్కాని కూడా అరబ్బీ 'సుక్కాన్' నుంచి వచ్చిందే, సముద్రం మీద మాటలు అలా తిరుగుతాయి.) తెడ్డు నలగకుండా రేవుకు ఎడమ పక్కను ఆనించి సరుకు ఎక్కించేవారు, దాన్ని లార్‌బోర్డ్ అనేవారు. హోరుగాలిలో రెండు మాటలూ ఒక్కలాగే వినబడి కొంప ముంచేవి. అందుకే బ్రిటిష్ నౌకాదళం 1844లో లార్‌బోర్డ్ తీసేసి పోర్ట్ అనమంది. అమెరికా 1846లో అదే చేసింది.

టైటానిక్‌లో "హార్డ్ ఎ-స్టార్‌బోర్డ్" అన్నా ఓడ ఎడమకు తిరిగింది, కాబట్టి చుక్కాని పట్టినవాడు పొరబడ్డాడంటారు. లేదు. 1912లో ఆ ఆజ్ఞకు అర్థం చుక్కానిని తిప్పే టిల్లర్ కర్రను కుడికి నెట్టమని. అలా నెడితే ఓడ తిరిగేది ఎడమకే.

ఇక 'పాష్' అనే మాట "పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్" (వెళ్లేటప్పుడు పోర్ట్ వైపు గది, తిరిగొచ్చేటప్పుడు స్టార్‌బోర్డ్ వైపు గది) అనే ఓడ టికెట్ల నుంచి పుట్టిందన్న వాట్సాప్ కథ. అలాంటి టికెట్ ఒక్కటీ ఎవరికీ దొరకలేదు. ఫార్వర్డ్ చేయకండి.

మొన్న ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, "మావాడికి తొమ్మిదేళ్లొచ్చినా కుడిఎడమలు తడబడతాయండీ, చేర్పించొచ్చా?" అని అడిగారు. ఎంత మొహమాటపడుతూ అడిగారో! నిక్షేపంగా చేర్పించండి అన్నాను. పోర్ట్ అంచుకు ఎర్ర టేపు, స్టార్‌బోర్డ్‌కు ఆకుపచ్చ టేపు అంటిస్తాం. పెద్ద ఓడలకు రాత్రిపూట వెలిగే దీపాలవీ అవే రంగులు. మొదటి నెలంతా వాడు "ఎరుపు", "పచ్చ" అని అరిచినా నాకు అభ్యంతరం లేదు. ఈత వచ్చా అని మాత్రం అడిగాను. రాదట. ముందు ఆ పని చూడమన్నాను.