మహలనోబిస్ చేతిలోంచి సర్వే జారిపోయిన ఏడాది

కోల్‌కతా బారానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మళ్లీ వార్తల్లోకెక్కింది. 1959 నాటి చట్టం స్థానంలో కొత్తది తెస్తామంటూ కేంద్ర గణాంక శాఖ 2025 సెప్టెంబరులో ముసాయిదా బిల్లు విడుదల చేసింది. ఇన్నాళ్లూ సొసైటీగా నడిచిన సంస్థ అది పాసైతే చట్టబద్ధ సంస్థగా మారుతుంది. పెత్తనం ఢిల్లీ నామినేట్ చేసేవాళ్ల చేతికి పోతుందని అధ్యాపకులు, విద్యార్థులు రోడ్డెక్కారు.

గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ ప్రెసిడెన్సీ కాలేజీ ఫిజిక్స్ విభాగంలో చిన్న ల్యాబ్ పెట్టడం, 1931లో అది సంస్థగా ఎదగడం, తర్వాత రెండో పంచవర్ష ప్రణాళిక... ఇదంతా చాలాసార్లు రాసిందే. ఇప్పటి గొడవ మూలం 1970లో ఉంది.

దానికి ముందు జనపనార సంగతి చెప్పాలి. 1930ల చివర్లో బెంగాల్‌లో జనపనార సాగు ఎంతో తేల్చడానికి ఆయన ప్రతి పొలమూ కొలిపించలేదు. చీటీలు తీసినట్టు కొన్నింటిని ఎంచుకున్నారు. అసలు కిటుకు మాత్రం వేరే. ఒకే ప్రాంతం నుంచి రెండు నమూనాలు తీసి, రెండు బృందాలను విడివిడిగా పంపేవారు. రెండు లెక్కలకూ పొంతన కుదరకపోతే ఎక్కడో తేడా కొట్టినట్టే. చెట్టు కింద కూర్చుని ఫారాలు నింపేసే సర్వేయర్ ఇట్టే దొరికిపోతాడు.

జనం ఖర్చులు, ఉపాధి లాంటివి లెక్కగట్టే జాతీయ నమూనా సర్వే 1950లో మొదలైంది. దానికీ ఇదే పద్ధతి. నమూనా ఎంపిక, లెక్కల క్రోడీకరణ, నివేదిక బారానగర్‌వి. ఊళ్లు తిరిగేది చాలాచోట్ల ప్రభుత్వ సిబ్బంది. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి 1941లో కలకత్తా చేరిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు ఎదిగింది కూడా ఈ వాతావరణంలోనే.

ఈ లెక్కలను నమ్మకపోవడానికి ఢిల్లీ వైపూ ఓ వాదన ఉంది. పంట దిగుబడికి మహలనోబిస్ మనుషులు పొలంలో నాలుగడుగుల వ్యాసార్థంతో గుండ్రంగా గీసి, ఆ మేర కోసి తూచేవారు. అంత చిన్న వలయంలో అంచు మొక్కలు కూడా లోపలికి వచ్చేసి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని వ్యవసాయ పరిశోధన మండలిలోని పి.వి. సుఖాత్మే తప్పుపట్టారు. ఆ మాట కొట్టిపారేయలేనిదే. సర్వే లెక్కా వ్యవసాయ శాఖ లెక్కా ఏళ్ల తరబడి కలవలేదు.

1970లో కేంద్రం సర్వే మొత్తాన్ని ఎన్‌ఎస్‌ఎస్‌ఓ (జాతీయ నమూనా సర్వే సంస్థ) పేరుతో ఒకే గొడుగు కిందికి తెచ్చింది. బారానగర్‌లో ఆ పని చేస్తున్న సిబ్బంది తర్వాత ప్రభుత్వంలోకి వెళ్లిపోయారు. ప్రభుత్వ అంకెను బయట కూర్చుని సరిచూసే చెయ్యి అలా తెగిపోయింది. మహలనోబిస్ 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు కన్నుమూశారు. సంస్థ పగ్గాలు రావుకు దక్కాయి గానీ సర్వే తిరిగి రాలేదు.

దాని ఫలితం 2019లో కనిపించింది. నిరుద్యోగం 6.1 శాతమన్న నివేదికను ఆపేశారంటూ జనవరిలో జాతీయ గణాంక కమిషన్ సభ్యులిద్దరు రాజీనామా చేశారు. నివేదిక ఎన్నికలయ్యాకే బయటికొచ్చింది. అదే నవంబరులో, నాణ్యత లేదంటూ 2017-18 వినియోగ వ్యయ సర్వేను ప్రభుత్వమే పక్కనబెట్టేసింది.

బిల్లుకు ఇన్‌స్టిట్యూట్ పనితీరును సమీక్షించిన మషేల్కర్ కమిటీ సిఫారసులే ఆధారమని, 2031లో నూరేళ్లు నిండే సంస్థను ప్రపంచ స్థాయికి చేర్చడమే ఉద్దేశమని గణాంక శాఖ అంటోంది. మహలనోబిస్ జయంతి జూన్ 29ని 2007 నుంచి ఏటా గణాంక దినోత్సవంగా జరుపుతున్నదీ ఆ శాఖే.