షెరీఫ్ బీరువా తాళం

టెక్సాస్ రాష్ట్రంలోని డాలస్ నుంచి పడమరగా మూడు గంటలు కారులో వెళ్తే ఊళ్లు పలచబడిపోతాయి. అక్కడ దొంగతనం జరిగినా, ఎవరైనా అనుమానాస్పదంగా చనిపోయినా వచ్చేది చాలావరకు కౌంటీ (మన జిల్లాలాంటిది) షెరీఫ్ మనుషులే. తర్వాత రిపోర్టు కాపీ కావాల్సి వస్తే మనవాళ్లలో చాలామంది 'ఫోయా' (సమాచార స్వేచ్ఛ చట్టం) కింద అడుగుతున్నామని రాస్తారు. 1966లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన ఆ చట్టం ఫెడరల్ ఆఫీసులకు మాత్రమే. కౌంటీ షెరీఫ్‌కు దానితో సంబంధం లేదు. అలా రాసినంత మాత్రాన టెక్సాస్‌లో దరఖాస్తు చెల్లకుండా పోదు గానీ, అవతలివాళ్లు ఏ చట్టం చూపించి కాదంటారో ముందే తెలిస్తే మంచిది. (రోడ్డు ప్రమాదం రిపోర్టుకు దారి వేరు. రాష్ట్ర రవాణా శాఖ దగ్గర 6 డాలర్లకు దొరుకుతుంది, పూర్తి కాపీ మాత్రం ప్రమాదంతో సంబంధం ఉన్నవాళ్లకే ఇస్తారు.)

షెరీఫ్ ఉద్యోగం ఈ చట్టాలన్నిటికంటే చాలా పాతది. ఇంగ్లండులో రాజు తరఫున ఒక జిల్లాలో పన్నులు వసూలు చేసి, శాంతి భద్రతలు చూసినవాడే మొదటి షెరీఫ్. అమెరికాకు వచ్చాక ఆ పదవికి ఎన్నికలు వచ్చాయి. మన ఎస్పీలా పైనుంచి బదిలీ మీద వచ్చినవాడు కాదు, ఓట్లతో గెలిచినవాడు. టెక్సాస్‌లో 254 కౌంటీలుంటే, 2020 జనాభా లెక్కల్లో లవింగ్ కౌంటీలో తేలినవాళ్లు 64 మంది. మన దగ్గర ఒక అపార్ట్‌మెంట్‌లో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. అక్కడి షెరీఫ్ పన్నులు కూడా వసూలు చేస్తాడు. పదివేల లోపు జనాభా ఉన్న కౌంటీల్లో ఆ రెండు పనులూ ఒకరికే అప్పజెప్పే ఏర్పాటు టెక్సాస్ రాజ్యాంగంలోనే ఉంది.

కాగితాల సంగతికి వస్తే, టెక్సాస్ సొంత సమాచార చట్టం ప్రకారం ఎన్నికైన ప్రతి కౌంటీ అధికారీ తన ఆఫీసు రికార్డులకు తానే సమాచార అధికారి. షెరీఫ్ ఇవ్వనంటే కౌంటీలో ఇంకో అధికారి దగ్గరికి వెళ్లి ఇప్పించమనే వీలు లేదు. ఎవరి మీద వివరాలు అడుగుతున్నామో ఆయనే ఆ బీరువా తాళం పెట్టుకున్నవాడు కూడా. గ్రామీణ కౌంటీల్లో వచ్చే పేచీల్లో సగం ఇక్కడే పుడతాయని నాకనిపిస్తుంది.

ఈ టెక్సాస్ చట్టం 1973లో వచ్చింది. దాని వెనక పెద్ద కుంభకోణమే ఉంది. హ్యూస్టన్‌లో ఫ్రాంక్ షార్ప్ అనే బ్యాంకు యజమాని తనకు కావాల్సిన బిల్లుల కోసం నాయకులకు అప్పులిచ్చి షేర్లు కొనిపించాడు. రాష్ట్ర దిగువ సభ స్పీకర్ గస్ మచర్ 1972లో ఆ కేసులో దోషిగా తేలాడు. జనం మండిపడి ఓట్లేశారు, కొత్తగా వచ్చిన సభ సమాచార చట్టం తెచ్చింది. జనానికి ఏది తెలియాలో, ఏది తెలియకూడదో తేల్చే హక్కు తాము ఉద్యోగులకు ఇవ్వలేదని చట్టం మొదట్లోనే రాసుకున్నారు. ఎందుకు అడుగుతున్నావని ఆఫీసు అడగకూడదు. కాగితం దాచాలనుకుంటే పది పనిదినాల్లోగా రాష్ట్ర అటార్నీ జనరల్‌కు (రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయవాదికి) రాసి అభిప్రాయం కోరాలి. గడువు దాటితే ఆ కాగితం బహిరంగమైనదనే లెక్క. దాన్ని ఆపడానికి అప్పుడు గట్టి కారణమే చూపాలి.

మరి పోలీసు రిపోర్టు మొత్తం ఇవ్వాలా? 1975లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక వేసిన కేసులో కోర్టు మధ్యేమార్గం పట్టింది. నేరం ఏమిటి, ఎక్కడ జరిగింది, ఎవరిని అరెస్టు చేశారు లాంటివి, అంటే రిపోర్టు మొదటి పేజీలో సాధారణంగా ఉండేవి, ఎవరికైనా ఇవ్వాలి. లోపలి దర్యాప్తు వివరాలు ఆపుకోవచ్చు. షెరీఫ్ ఆఫీసు ఈరోజుకీ చాలాసార్లు ఆ ఒక్క పేజీతోనే సరిపెట్టడానికి కారణం ఆ తీర్పే.

అసలు చిక్కు 1997లో వచ్చింది. ముగిసిన కేసుల ఫైళ్లను కూడా ప్రాసిక్యూటర్ దాచుకోవచ్చని అంతకు ముందు ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అది మరీ ఎక్కువైందని శాసనసభ చట్టాన్ని సవరించింది. శిక్షతో ముగియని కేసుల వివరాలు మాత్రమే ఆపుకోవచ్చంది. నేరం చేయనివాడి పేరు బజారున పడకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ నిందితుడు చనిపోతే శిక్ష ఎలా పడుతుంది? లాకప్‌లోనో, పోలీసు తూటాకో మనిషి పోయినప్పుడు ఇదే నిబంధన చూపించి కాగితాలు మూసేయడం మొదలైంది. అక్కడివాళ్లు దానికి 'డెడ్ సస్పెక్ట్ లూప్‌హోల్' (చనిపోయిన నిందితుడి పేరు చెప్పి తప్పించుకునే సందు) అని పేరు పెట్టారు. కొడుకు ఎలా పోయాడో తెలుసుకోవాలనుకున్న తల్లికి, ఆ కొడుకు పరువు కాపాడటానికే చెప్పడం లేదన్నట్టు జవాబు వెళ్తుంది. రాష్ట్ర దిగువ సభలో ఎల్ పాసో ప్రతినిధి జో మూడీ 2017 నుంచి దీన్ని మూయడానికి బిల్లులు పెడుతూ వచ్చారు. పోలీసు సంఘాలు అడ్డుపడుతూ వచ్చాయి.

2022 మే 24న టెక్సాస్‌లోనే యువాల్డీ అనే ఊరి స్కూలులో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు కాల్పుల్లో చనిపోయారు. 376 మంది అధికారులు అక్కడికి చేరుకున్నా, దుండగుణ్ని ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. వాళ్లలో 16 మంది షెరీఫ్ ఆఫీసు వాళ్లు. పాతిక వేల జనాభా ఉన్న కౌంటీ అది. కాల్పులు జరిపినవాడూ చనిపోయాడు కాబట్టి శిక్ష పడేదెవరికీ లేదు. పాత నిబంధన ఇక్కడా అడ్డొస్తుందని జనం భయపడ్డారు. మీడియా సంస్థలు కలిసి కోర్టుకెళ్లాయి. 2024లో యువాల్డీ నగరం రాజీపడి తన రికార్డులు ఇచ్చింది. కౌంటీ, అక్కడి స్కూళ్లను నడిపే 'స్కూలు జిల్లా' అనే సంస్థ మాత్రం అప్పీలు దాకా లాగాయి. 2025 జూలైలో శాన్ ఆంటోనియో అప్పీలు కోర్టు ఇవ్వాల్సిందేనన్నాక, ఆగస్టులో కాగితాలు బయటికి వచ్చాయి. అప్పటికి మూడేళ్లు దాటింది.

అన్నిసార్లూ అంత పోరాటం అక్కర్లేదు. కాపీకి పేజీకి పది సెంట్లు, కాగితాలు ఎక్కువైతే వెతికినందుకు గంటకు 15 డాలర్లు. ఈ రేట్లు తెలిసి అడిగితే బిల్లు చూసి బెదరాల్సిన పని ఉండదు. షెరీఫ్ జైలులో ఎవరైనా చనిపోతే ఆ రిపోర్టు 30 రోజుల్లో అటార్నీ జనరల్‌కు చేరాలి. అది ఆస్టిన్‌లోని ఆ ఆఫీసులో, కొన్ని భాగాలు తప్ప, అడిగినవాళ్లకు ఇస్తారు. షెరీఫ్‌ను అడగాల్సిన పనే లేదు.