నార్త్ కరోలినాలో ఒక స్కాట్లాండ్

అమెరికాలోని నార్త్ కరోలినా దక్షిణపు అంచున స్కాట్లాండ్ పేరుతోనే ఒక కౌంటీ ఉంది. 1899లో ఏర్పడింది. దాని ముఖ్య పట్టణం లారిన్‌బర్గ్. ఆ ఊళ్లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ 2025 మే నెలలో మూతపడింది. కాలేజీ పోతే చిన్న ఊరికి ఉద్యోగాలూ అద్దెలూ పోతాయి. లారిన్‌బర్గ్‌కు బ్యాగ్‌పైపులు (స్కాట్లాండ్ వాళ్ల సంచి వాయిద్యం) వాయించే బృందం ఉన్న క్యాంపస్ కూడా పోయింది.

ఈ కథ 1739లో మొదలవుతుంది. స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్స్‌లోని ఆర్గైల్ నుంచి సుమారు 350 మంది హైలాండర్లు వచ్చి నార్త్ కరోలినాలోని కేప్ ఫియర్ నది వెంట దిగారు. అప్పటి గవర్నర్ గేబ్రియల్ జాన్‌స్టన్ కూడా స్కాట్లాండ్ మనిషే, తనవాళ్లని ఆదరించాడు. 1746లో స్కాట్లాండ్‌లోని కలోడెన్ దగ్గర బ్రిటన్ రాజు సేనతో జరిగిన యుద్ధంలో ఓడి పారిపోయి వచ్చినవాళ్ల సంతానమే వీళ్లంతా అని చెప్పుకోవడం రివాజు. వినడానికి బాగుంటుంది కానీ, మొదటి ఓడ వచ్చింది అంతకు ఏడేళ్ల ముందు. తర్వాత వచ్చినవాళ్లలోనూ చాలామందిని కదిలించింది కత్తి కాదు, కౌలు. తెగ పెద్దలు భూస్వాములుగా మారి కౌళ్లు పెంచేశారు.

ఫ్లోరా మెక్‌డొనాల్డ్ కథ ఇంకా విచిత్రం. బ్రిటన్ సింహాసనం కోసం పోరాడి కలోడెన్‌లో ఓడిన రాకుమారుడు చార్లెస్‌కి పనిమనిషి వేషం వేయించి తప్పించిన మనిషి ఆమె. 1774లో భర్తతో కలిసి నార్త్ కరోలినా చేరింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1776 ఫిబ్రవరి 27న మూర్స్ క్రీక్ వంతెన దగ్గర హైలాండర్లు పోరాడింది ఎవరి తరఫునో తెలుసా? చార్లెస్‌ని ఓడించిన బ్రిటన్ రాజుగారి మనవడి తరఫున! ఓడిపోయారు, ఆమె భర్త ఖైదయ్యాడు. 1779లో ఆమె వెనక్కి వెళ్లిపోయింది. రెడ్ స్ప్రింగ్స్ ఊళ్లో ఆమె పేరుతో నడిచిన మహిళా కాలేజీ కూడా మరో కాలేజీతో కలిసిపోయే 1961లో, ఇప్పుడు మూతపడిన ఆ లారిన్‌బర్గ్ కాలేజీ అయింది.

బార్బెక్యూ అనే చర్చిలో (పేరు నిజంగా అదే) ఆ రోజుల్లో హైలాండర్ల సొంత భాష గేలిక్‌లో ప్రసంగాలు జరిగేవి. ఆ భాష అక్కడ ఎప్పుడో పోయింది. ఇప్పుడు వారసత్వం అంటే కనిపించేది కిల్టు, అంటే మగవాళ్లు నడుముకి కట్టే గళ్ల బట్ట. 1746 నాటి చట్టం స్కాట్లాండ్‌లో ఆ దుస్తుల్ని నిషేధించింది, 1782లో గానీ ఎత్తేయలేదు. ఇంటిపేరుకో గళ్ల బట్ట అనే పద్ధతి చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు సరుకు. గ్రాండ్‌ఫాదర్ మౌంటెన్ దగ్గర ఏటా జరిగే హైలాండ్ క్రీడలు 1956లో మొదలయ్యాయి. అవీ పశ్చిమాన కొండల్లో. హైలాండర్లు పైన్ చెట్ల నుంచి తారు తీసి బతికిన ఇసుక నేలలు అక్కడికి చాలా దూరం.

పేర్లు మాత్రం గట్టిగా నిలిచాయి. 'మెక్' అంటే కొడుకు. మన ఊళ్ల కైఫీయతులు రాయించిన కాలిన్ మెకంజీ కూడా అలాంటి ఇంటిపేరుతో స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవి నుంచి వచ్చినవాడే. కేప్ ఫియర్ ఊళ్లలో మెక్‌నీల్, మెక్‌లీన్ అనే నల్లజాతి కుటుంబాలు చాలా ఉన్నాయి. వలస వచ్చిన హైలాండర్లలో బానిసల్ని కొన్నవాళ్లూ ఉన్నారు మరి.