ఈ మాట ఎవరు చెప్పారు?

అనంతపురం,
ఆదివారం.

చి. చిట్టికి, చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

చిట్టీ, నువ్వు పంపిన సెమినార్ వ్యాసం ఫోనులోనే చదివాను, కళ్లజోడు రెండుసార్లు తుడుచుకుని మరీ. మీ మేడమ్ "ఆధారాలు ఏవి?" అని ఎర్రసిరాతో రాసి వెనక్కి ఇచ్చారట, నువ్వు అలిగి అన్నం మానేశావట. మీ నాన్న చెప్పాడు. బుజ్జి కూడా ఈ ఏడాదే డిగ్రీలో చేరాడు కదా, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

ముందు నా సంగతి. డిగ్రీ రెండో సంవత్సరంలో దత్తమండలాల మీద, అంటే మన సీమ మీదే, వ్యాసం రాయమన్నారు. గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం దొరికింది. అందులో రెండు పేజీలు గుండ్రటి అక్షరాలతో దించేసి, కింద నా పేరు రాసుకున్నాను. మా మాస్టారు చదివి, "నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు 1880లో ఇచ్చాడా?" అన్నారు. ఇచ్చింది 1800లో. పుస్తకంలో అచ్చుతప్పు పడింది, నేను దాన్ని కూడా భద్రంగా ఎత్తి రాశాను. "నీకు ఎవరు చెప్పారు?" అని మళ్లీ అడిగారు. పుస్తకం పేరు చెబితే దొంగతనం బయటపడుతుంది, చెప్పకపోతే తప్పు నా నెత్తినే ఉంటుంది. తల వంచుకుని నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

మొత్తం వ్యాసం దించడం తప్పని మీకు నేను చెప్పాలా? చిక్కంతా "మాటలు మార్చాను కదా తాతయ్యా" అనేచోట ఉంది. ఇప్పుడు నేను ఒక వాక్యం రాస్తాను: "అనంతపురం వేరుశనగ రైతుకు ఆశ, భయం రెండూ ఆకాశమే." దీన్ని బుజ్జి "అనంతపురంలో పల్లీ సాగుదారుకు ఆశా భీతీ రెండూ నింగే" అని మార్చాడనుకోండి. చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారాడా? ఊహ నాది, నడక నాది, బుజ్జిది నిఘంటువు ఒక్కటే. అదే "వాననే నమ్ముకున్న వేరుశనగ రైతు స్థితిని చెబుతూ తాతయ్య ఆకాశాన్ని ఆశకూ భయానికీ గుర్తుగా చూపారు" అని రాస్తే పేచీ లేదు. నా మాటలే యథాతథంగా కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి నా పేరు రాయాలి. ఇది తెల్లవాళ్లు తెచ్చిన పట్టింపు అనుకోకండి. సంస్కృత కవి రాజశేఖరుడు వెయ్యేళ్ల కిందటే కావ్యమీమాంస అనే తన గ్రంథంలో మాటను హరించడం వేరు, భావాన్ని హరించడం వేరు అని విడదీసి చర్చించాడు.

మరి ప్రతి వాక్యానికీ ఆధారం చూపాలా? అక్కర లేదు. అనంతపురంలో వాన తక్కువ అనడానికి సాక్షి ఎందుకు? అనంతపురం జిల్లా 1882లో బళ్లారి నుంచి విడిపోయి ఏర్పడిందని ఏ చరిత్ర పుస్తకం తీసినా ఉంటుంది. కానీ "రాయలసీమ" అనే పేరు సంగతి చూడండి. 1928 నవంబరులో నంద్యాల సభలో దత్తమండలాలు అన్న పేరు పోయి ఆ పేరు వచ్చింది. దాన్ని పెట్టింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు అని చాలామంది రాశారు. చిలుకూరి నారాయణరావు సూచించారని మరికొందరు రాశారు. నువ్వేమో చిట్టీ, "గాడిచర్ల పెట్టారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎవరి పుస్తకం చూసి? అది చెబితే చదివేవాళ్లు వెళ్లి చూసుకుంటారు, కావాలంటే ఆ రచయితతో పోట్లాడతారు. చెప్పకపోతే ఆ పోట్లాట నీ మీదికి వస్తుంది. లెక్కలు, వాదాలు, పటాలు, ఫోటోలు, పల్లెలో ఒక రైతు నీకు చెప్పిన మాట, వీటన్నిటికీ ఇదే పద్ధతి. రైతు మాటకైతే ఆయన అనుమతి అడిగి, ఊరూ తేదీ రాసుకో.

తెలియక జరిగే చౌర్యం ఎక్కువగా నోట్సులోనే పుడుతుంది. ఫోనులో చదివింది అతికించుకుంటారు. పది రోజుల తరువాత చూస్తే ఏది వాళ్లదో ఏది మీదో మీకే తెలియదు. నా అలవాటు చెబుతాను: ఎత్తిరాసిన మాట ఎర్రసిరా, నా ఆలోచన నీలం, మార్జిన్‌లో పేజీ సంఖ్య. పేజీ సంఖ్య అప్పుడే రాయాలి, చిట్టీ. తరువాత రాద్దామనుకుని ఒక్క సంఖ్య కోసం పుస్తకమంతా తిరగేసిన రాత్రులు నాకు చాలా ఉన్నాయి. వెబ్ పేజీ అయితే చిరునామాతో పాటు చూసిన తేదీ కూడా రాయండి, అవి రేపటికి మారిపోతాయి.

బుజ్జీ, "పది శాతం వరకు కాపీ కొట్టవచ్చట" అన్నావు. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల్లో ఇతరుల రాతలతో పోలిక పది శాతంలోపు ఉంటే శిక్ష లేదన్న మాట నిజమే. అరవై దాటితే పరిశోధక విద్యార్థి రిజిస్ట్రేషనే రద్దవుతుంది. శిక్ష లేదన్నారు గానీ దొంగిలించమని ఎవరూ అనలేదు కదా. కంప్యూటర్ పోలికను లెక్కిస్తుందే తప్ప నీ మనసును కాదు. ఇంకొకటి: ఫోనులోని కృత్రిమ మేధను ఆధారాలు అడిగితే లేని పుస్తకాలకు కూడా పేర్లు పెట్టి ఇస్తుంది. చేతితో పట్టుకుని తెరిచి చూడని పుస్తకాన్ని జాబితాలో ఎక్కించకు.

చిట్టీ, నీ వ్యాసం మూడో పేరాలో "మా ఊళ్లో కరువు చుట్టం కాదు, ఇంటి మనిషి" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. అది నీదేనా? నీదైతే ఈ రాత్రి మీ నాయనమ్మకు చదివి వినిపిస్తాను. కాకపోతే పుస్తకం పేరూ పేజీ సంఖ్యా పంపు, నేనూ తెప్పించుకుని చదువుతాను.

ఇట్లు,
తాతయ్య