శ్మశానం అనుకున్న గ్రంథి

రొమ్ము ఎముక వెనక, గుండెకు కాస్త పైన థైమస్ గ్రంథి ఉంటుంది. ఈడొచ్చాక కుంచించుకుపోతూ కొవ్వుగా మారుతుంది. మైక్రోస్కోపు కింద గుట్టలుగా లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) కనిపిస్తాయి, వాటిలో చాలావరకు చచ్చిపోతున్నవే. ఎదిగిన ఎలుకల్లో కోసి తీసేసినా వాటికి ఏమీ కాలేదు. దాంతో ఇది కణాల శ్మశానమని, పనికిరాని అవయవమని తేల్చేశారు.

1961లో లండన్‌లో లుకేమియా (రక్త క్యాన్సర్) మీద పనిచేస్తున్న జాక్ మిల్లర్, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసి చూశాడు. పాలు మానేదాకా బాగానే ఉన్నాయి. ఆ తర్వాత చిక్కిపోయి, ఇన్‌ఫెక్షన్లతో చనిపోవడం మొదలైంది. వేరే జాతి ఎలుక చర్మం అతికిస్తే మామూలుగా రోగనిరోధక శక్తి దాన్ని ఊడగొట్టాలి. వీటికి అతుక్కుపోయి, దాని మీద వెంట్రుకలు కూడా మొలిచాయి! చర్మం అతుకుల పరిశోధనకే 1960లో నోబెల్ అందుకున్న పీటర్ మెడావర్ మాత్రం, థైమస్‌లో లింఫోసైట్లు ఉండటం పెద్ద విశేషమేమీ కాదని 1963లో కూడా అన్నాడు. అంతటివాడికే నమ్మబుద్ధి కాలేదు.

మరి అన్ని కణాలు ఎందుకు చస్తున్నాయి? అసలు పని అదే. ఎముక మజ్జ నుంచి వచ్చిన కణం ఇక్కడ జన్యువు ముక్కలను ఎలా పడితే అలా కలిపి ఇతర అణువులను పట్టుకునే తన గ్రాహకాన్ని తయారుచేసుకుంటుంది. అందుకే అది దేన్ని పట్టుకుంటుందో ముందు తెలియదు. మన కణాల మీదుండి ప్రోటీన్ ముక్కలను చూపించే ఎంహెచ్‌సీ అణువులను అసలు గుర్తుపట్టలేకపోతే చస్తుంది. మరీ గట్టిగా పట్టుకున్నా చస్తుంది, బయటికి వదిలితే మన మీదే పడుతుంది కాబట్టి. ఈ రెండో వడపోతను 1987లో జాన్ కాప్లర్, ఫిలిప్పా మారాక్ చూపించారు. పాంక్రియాస్‌లో తయారయ్యే ఇన్సులిన్‌ను కూడా థైమస్ శాంపిల్‌గా కొంచెం తయారుచేసి మరీ పరీక్ష పెడుతుంది. 100 కణాల్లో మహా అయితే 5 మాత్రమే టి కణాలుగా, అంటే ఒంటిని కాపాడే లింఫోసైట్లుగా బయటపడతాయి.

అయినా కొన్ని తప్పించుకుంటాయి. పుట్టిన మూడో రోజున థైమస్ తీసేసిన ఎలుకల్లో వింత జరిగేది: రోగనిరోధక శక్తి తగ్గకపోగా, సొంత అవయవాల మీదే తిరగబడేది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల టి కణాలను ఎక్కిస్తే అది ఆగింది. అంటే టి కణాల్లోనే కాపలా కాసేవి ఉన్నాయి, అవి థైమస్ నుంచి కాస్త ఆలస్యంగా వస్తాయి. షిమోన్ సకాగుచి 1995లో వాటిని గుర్తుపట్టాడు. వాటిని నడిపే ఫాక్స్‌పీ3 జన్యువును 2001లో కనిపెట్టిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌తో కలిసి 2025లో నోబెల్ అందుకున్నాడు.

మిల్లర్‌కు మాత్రం ఆ బహుమతి దక్కలేదు. 2019లో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు, అదీ 58 ఏళ్ల తర్వాత.