బండి ఎత్తు పెంచే ముందు కాస్త ముగ్గు పిండి

వికారాబాద్ వైపు పొలాల మధ్య బండ్లబాటలో తిరిగొచ్చిన మర్నాడే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, కింద రాయి గట్టిగా కొట్టింది. థార్‌కి రెండు అంగుళాల లిఫ్ట్ కిట్ వేయించేస్తా" అన్నాడు. థార్ అంటే వాడి మహీంద్రా జీపు, లిఫ్ట్ కిట్ అంటే పొడవాటి స్ప్రింగులు వేసి బాడీని పైకి లేపే సామాను. ఎక్కడ కొట్టిందిరా అంటే "కిందే" అన్నాడు. కింద అంటే ఎక్కడో తెలియకుండా ఎత్తు పెంచడం నాకు నచ్చలేదు.

తర్వాతి ఆదివారం నార్సింగిలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముగ్గు పిండిని నీళ్లతో చిక్కగా కలిపి, పాత బ్రష్‌తో బండి అడుగంతా పూశాం. అది ఆరాక మళ్లీ అదే బాటలో వెళ్లొచ్చాం. టార్చి వేసి చూస్తే వెనక డిఫరెన్షియల్ (ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా) అడుగున బొటనవేలంత వెడల్పున తెలుపు గీసుకుపోయి ఇనుము కనబడుతోంది. పక్కన ఎక్కడానికి పెట్టించుకున్న ఫుట్‌స్టెప్ అంచు కూడా గీసుకుపోయింది. నాలుగు చక్రాల మధ్య బొడ్డు భాగం మాత్రం పూసింది పూసినట్టే ఉంది.

థార్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ, 226 మి.మీ. వెనక ఇరుసు ఒకే గట్టి కడ్డీలా ఉంటుంది. డిఫరెన్షియల్ దానిలోనే ఉంటుంది, ఇరుసు బరువు టైర్ల మీద ఉంటుంది, స్ప్రింగులు ఇరుసుకు పైన ఉంటాయి. అందుకే స్ప్రింగును 50 మి.మీ. పొడవు చేస్తే బాడీ లేస్తుంది గానీ డిఫరెన్షియల్ వెంట్రుక వాసి కూడా కదలదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే, అదీ సగమే: టైరు వ్యాసం 50 మి.మీ. పెరిగితే ఇరుసు 25 మి.మీ. లేస్తుంది. ముందూ వెనకా ఇలాంటి ఇరుసులే ఉన్న మారుతి జిమ్నీకీ ఇదే లెక్క. థార్ ముందు భాగం సంగతి వేరు, అక్కడ రెండు చక్రాలను కలిపే గట్టి ఇరుసు ఉండదు. డిఫరెన్షియల్ బాడీతో పాటే లేస్తుంది, కానీ చక్రాలకు వెళ్లే షాఫ్టులు వాలుగా మారి, వాటి జాయింట్లు, రబ్బరు బూట్లు త్వరగా పాడవుతాయి.

బొడ్డు మీద ముగ్గు చెరిగి ఉంటే నేనే లిఫ్ట్ వేయించమనేవాణ్ని. గట్టు దాటేటప్పుడు బండి మధ్యలో కూర్చుండిపోకుండా కాపాడేది ఆ ఎత్తే. ముందు, వెనక చక్రాల మధ్య 2450 మి.మీ. దూరం ఉన్న ఈ బండికి బొడ్డు 50 మి.మీ. లేస్తే, బొడ్డు తగలకుండా గట్టు దాటగలిగే కోణం సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. అది చిన్న లాభమేమీ కాదు.

దానికి మూల్యమూ ఉంది. ఎడమ, కుడి టైర్ల మధ్య దూరం 1520 మి.మీ., బరువు కేంద్రం నేల నుంచి 700 మి.మీ. ఎత్తున ఉందనుకుందాం. కాగితం మీద బండి 47 డిగ్రీల వాలు దాకా నిలుస్తుంది. ఆ కేంద్రం 750కి చేరితే 45 డిగ్రీలకే పల్టీ కొడుతుంది. నిజం బండి స్ప్రింగుల మీద పక్కకు ఒరుగుతుంది కాబట్టి ఇంకా ముందే పడుతుంది. వారమంతా ఔటర్ రింగు రోడ్డు మీద 100 వేగంతో ఆఫీసుకు వెళ్లొచ్చే బండి అది. సడన్‌గా స్టీరింగ్ తిప్పాల్సి వస్తే? నాకు అసలు టెన్షన్ అక్కడే. చట్టం సంగతీ చూసుకోవాలి: తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే స్పష్టం చేసింది.

తాండూరు వైపు వానాకాలం రేగడిలో దిగబడితే ఎత్తు పెద్దగా పనికిరాదు. టైర్లలో గాలి కొంత తగ్గిస్తే నేలను తాకే మేర పెరిగి, పట్టు దొరుకుతుంది. తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడం మరవకూడదు.

మావాడు ఫుట్‌స్టెప్పులు విప్పించేశాడు. డిఫరెన్షియల్ కోసం డ్రైవింగ్ మార్చుకున్నాడు. ఇదివరకు రాయి కనబడితే రెండు చక్రాల మధ్యకు తీసుకునేవాడు, ఇప్పుడు నెమ్మదిగా టైరునే దాని మీదికి ఎక్కిస్తున్నాడు. ఒక టైరు 150 మి.మీ. రాయి ఎక్కితే ఇరుసు నడుమ భాగం దాదాపు 75 మి.మీ. లేస్తుంది, రాయేమో టైరు కిందే ఉండిపోతుంది. మొన్న మళ్లీ ముగ్గు పూసుకుని వెళ్లొచ్చి ఫోటో పంపాడు. డిఫరెన్షియల్ అడుగున తెలుపు అలాగే ఉంది.