మసి దారం

హనుమకొండ

చిన్నీ, బన్నీ,

మొన్న కరెంటు పోయినప్పుడు దీపం మీద గరిటె పట్టి, అంటిన మసిని వేలితో గీకి, "తాతా, దీన్ని దారం చేయొచ్చా?" అని అడిగారు. నేను నవ్వేసి ఊరుకున్నాను, తప్పు నాదే. చేయొచ్చు బిడ్డా, మసిలో ఉండే కార్బన్‌తోనే దారాలు చేస్తున్నారు కూడా, వాటిని కార్బన్ నానోఫైబర్లు అంటారు.

సంక్రాంతికి నానమ్మ మురుకులు పిండుతుంటే చూశారు కదా. ఈ దారమూ అలాగే వస్తుంది. ఇక్కడ గొట్టం అంటే కంటికి కనపడని నికెల్, ఇనుము లేదా కోబాల్ట్ రేణువు. పిండి అంటే వెల్డింగ్ షాపులో మండించే ఎసిటిలీన్ లాంటి గ్యాసు. ఐదారు వందల డిగ్రీల వేడిలో ఆ గ్యాసు రేణువుకు తగిలి విరుగుతుంది, హైడ్రోజన్ ఎగిరిపోతుంది, కార్బన్ మాత్రం పాలలో చక్కెరలా లోహంలో కరిగి, ఇక పట్టదు అనిపించాక రెండోవైపు నుంచి పొరలు పొరలుగా దిగుతుంది. గొట్టం కన్నం ఎంతో మురుకు అంత, రేణువు ఎంతో దారం ఇంచుమించు అంత. 100 నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) దారాలు ఓ ఎనిమిది వందలు పక్కపక్కన పేరిస్తే మీ వెంట్రుకంత వెడల్పు!

చాలాసార్లు దారం పెరుగుతూ రేణువునే నెత్తిన పెట్టుకుని పైకి లేస్తుంది. అంటే పిండుతున్న కొద్దీ గొట్టంతో పాటు నానమ్మ కూడా పైకప్పు దాకా లేచినట్టు (ఆమెకు చెప్పకండి). 1972లో బేకర్ అనే ఆయన బృందం నికెల్ మీద ఇలా పెరుగుతుండగానే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసింది. గొట్టం మూతికి పిండి ఎండి పట్టేస్తే ఏమవుతుంది? రేణువు చుట్టూ కార్బన్ కమ్ముకున్నా అంతే, గ్యాసు తగలదు, పని బంద్. ఫ్యాక్టరీలవాళ్లు ఈ దారాలను చాలా ఏళ్లు పీడగానే చూశారు, పైపులు, ఉత్ప్రేరకాలు (రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థాలు) పాడుచేస్తున్నాయని.

మా అమ్మ ఆముదం దీపం మీద రాగి పళ్లెం బోర్లించి కాటుక పట్టేది. ఓసారి దాన్ని మీసాలుగా దిద్దుకుని బడికి పోయి దెబ్బలు తిన్నాను. అదీ కార్బనే, కానీ మంటలోనే తొందరపడి గుండ్లుగుండ్లుగా ముద్దకట్టింది, వరుసలో నిలబడే ఓపిక లేదు. హోంవర్క్ చేసేటప్పుడు మీకున్నంతే.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు ఉక్కు ముద్దలు కాచేవారు, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కుతో చేసిన ఓ పాత డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోగొట్టాలు (లోపల బోలుగా ఉండే సన్నటి కార్బన్ దారాలు) కనిపించాయని 2006లో జర్మనీ శాస్త్రవేత్తలు చెప్పారు. కొలిమి దగ్గర ఎవరికి తెలుసు ఆ సంగతి! దసరా సెలవులకు రండి, కొలిమిలో మిగిలిపోయిన అక్కడి నల్లటి చిట్టెం రాళ్లు చూసొద్దాం. ఈలోగా నానమ్మ మురుకుల గొట్టం ఓసారి విప్పి చూడండి, కడిగి పెట్టడం మరచిపోకండి.

మీ తాత